నాన్నగారికి, ఒక మాట గురించి

లివర్‌పూల్,
ఏప్రిల్ 16, 2025

నాన్నగారికి, అమ్మకి నమస్కారాలు.

ఇక్కడ మేమంతా కులాసా. బాబుకి జలుబు తగ్గింది, మళ్లీ స్కూలుకి వెళ్తున్నాడు. రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూ ఉత్తరం ఏమిటని అనుకుంటారేమో. ఫోన్లో అయితే మీరు "సరేలేమ్మా" అనేసి అమ్మకి ఇచ్చేస్తారు. ఇది మీరు తీరుబడిగా కూర్చుని చదవాలని రాస్తున్నాను.

జనవరిలో తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం వెళ్లి ఆరుగురు చనిపోయినప్పుడు మీరొక మాట అన్నారు. "మన జనానికి క్యూలో నిలబడటం చేతకాదమ్మా, ఎలా తోసుకుంటున్నారో టీవీలో చూపిస్తూనే ఉన్నారు" అని. అప్పుడు నాకేం చెప్పాలో తెలియక ఊరుకున్నాను. నిన్నటి నుంచి ఆ మాటే మనసులో మెదులుతోంది.

నిన్న ఏప్రిల్ 15. ఈ ఊళ్లో ఆ తారీఖు తెలియని ఇల్లుండదు. 1989లో అదే రోజు షెఫీల్డ్ అనే ఊళ్లో హిల్స్‌బరో అనే స్టేడియంలో లివర్‌పూల్ ఫుట్‌బాల్ జట్టు సెమీఫైనల్ ఆడింది. గేట్ల దగ్గర జనం పెరిగిపోతుంటే పోలీసు అధికారి ఒక పెద్ద గేటు తెరిపించాడు. లోపలికొచ్చిన వాళ్లకి ఎటు పోవాలో చెప్పే దిక్కు లేదు. ఎదురుగా సొరంగంలాంటి దారి కనపడితే అందులోంచి వెళ్లి, అప్పటికే నిండిపోయిన గదుల్లాంటి కంచెల మధ్య చిక్కుకున్నారు. ముందు ఇనప కంచె, వెనక ఇంకా వస్తున్న జనం. మొత్తం 97 మంది పోయారు. వాళ్లలో అందరికంటే చిన్నవాడికి పదేళ్లు.

గేటు జనమే బలవంతంగా తెరిచారని ఆ అధికారి అప్పటికప్పుడే చెప్పాడు. అబద్ధం. నాలుగో రోజున, అప్పట్లో దేశంలో ఎక్కువ అమ్ముడయ్యే ది సన్ పత్రిక మొదటి పేజీలో పేద్ద అక్షరాలతో "నిజం" అని హెడ్డింగు పెట్టింది. దాని కింద, లివర్‌పూల్ అభిమానులు చనిపోతున్నవాళ్ల జేబులు కొట్టేశారని, పోలీసుల మీద మూత్రం పోశారని, ఊపిరి అందిస్తున్న కానిస్టేబుల్‌ని కొట్టారని రాసింది. ఇదంతా పోలీసుల వైపు నుంచి, ఒక ఎంపీ నోటి నుంచి వచ్చిన మాట. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఆ పేపరు చూసి ఉంటే ఏమైపోయి ఉంటుందో తలచుకుంటేనే నాకు కడుపులో తిప్పుతుంది.

ఇవేవీ తెలియకుండానే ఈ ఊరొచ్చాను. చేరిన మొదటి చలికాలం, మాంచెస్టర్ నుంచి రైల్లో వస్తూ సీటు మీద ఎవరో వదిలేసిన ది సన్ పేపరు తెచ్చి, చదువుకుంటారు కదా అని మా ఆస్పత్రి వార్డులో పేషెంట్లు కూర్చునే గదిలో పెట్టాను. ఒక పెద్దాయన, ఆక్సిజన్ ట్యూబుతోనే మెల్లగా లేచి వచ్చి, ఆ పేపరుని నాలుగు మడతలు పెట్టి నా చేతికిచ్చారు. "తల్లీ, నువ్వు కొత్తదానివి, నీ తప్పు కాదు. ఇది మాత్రం ఇక్కడ పెట్టకు" అన్నారు. ఆ రోజు ఆయన ఆ కంచెల్లోనే ఉన్నారట. పక్కనున్న కుర్రాడి ముఖం నీలంగా మారుతుంటే చేతులు పైకి తీసే సందు కూడా లేకపోయిందట. తర్వాత పదేళ్లపాటు వేరే ఊళ్లకి పనికి వెళ్తే, లివర్‌పూల్ అని చెప్పగానే "మీరు శవాల్ని దోచుకున్నవాళ్లు కదా" అన్నారట ఒకరిద్దరు. ఆ సంగతి చెప్పేటప్పుడే ఆయన గొంతు వణికింది.

ఆ దుర్ఘటన మీద విచారణ జరిపిన జడ్జి 1989 ఆగస్టులోనే, పోలీసులు అదుపు చేయలేకపోవడమే ముఖ్య కారణమని రిపోర్టులో రాశారు. రిపోర్టు ఎంతమంది చదువుతారు నాన్నగారూ? హెడ్డింగు అయితే చదువు రాని వాడికి కూడా చేరుతుంది. 2012లో స్వతంత్ర కమిటీ పాత కాగితాలు బయటపెడితే తేలింది, పోలీసుల వాంగ్మూలాలు 164 మార్చారని. ప్రధానమంత్రి పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు, ఆ పత్రికా చెప్పింది. 2016లో జ్యూరీ, అభిమానుల తప్పేమీ లేదని తేల్చింది. 27 ఏళ్లు! ఈలోగా ఎంతమంది తల్లిదండ్రులు ఆ నిందతోనే కన్నుమూశారో.

ఈ ఊరు మాత్రం ఆ పేపరు కొనడం మానేసింది. ఇప్పటికీ మా వీధి చివర కొట్లో అన్ని పేపర్లూ ఉంటాయి, అదొక్కటి ఉండదు. దీని మీద ఇద్దరు పరిశోధకులు చేసిన అధ్యయనం 2022లో వచ్చింది. ఆ పత్రిక ఏళ్ల తరబడి యూరోపియన్ యూనియన్‌కి వ్యతిరేకంగా రాస్తూ వచ్చింది కదా, దాన్ని మానేసిన ఈ ప్రాంతంలో ఆ వ్యతిరేకత తగ్గిందని వాళ్లు తేల్చారు. ఆ యూనియన్‌లో ఉండాలా వద్దా అని 2016లో పెట్టిన రెఫరెండంలో ఇంగ్లండు మొత్తం మీద 53 శాతం బయటికి పోదామంటే, లివర్‌పూల్‌లో 58 శాతం ఉందామన్నారు. అదొక్కటే కారణమని నేననను. కానీ రోజూ పొద్దున్నే ఇంట్లోకి వచ్చే మాట మన ఆలోచనని ఎంత తిప్పుతుందో చూడండి.

నర్సుగా ఇంకొక సంగతి చెప్పాలి. జనం కిక్కిరిసినప్పుడు ఎక్కువమంది ఒకరి కాళ్ల కింద పడి చనిపోరు. ఛాతీ మీద నలువైపుల నుంచీ ఒత్తిడి పడి, ఊపిరి పీల్చే చోటు లేక, నిలబడ్డచోట నిలబడే పోతారు. వెనకున్నవాడికి ముందు ఏం జరుగుతోందో తెలియదు. మరి మన పేపర్లూ చానళ్లూ ఏమని రాస్తాయి? "తొక్కిసలాట". ఆ మాట వినగానే జనం ఒకరినొకరు తొక్కేశారని మనకి అనిపించేస్తుంది. దారి ఎవరు మూశారు, గేటు ఎవరు తీశారు, ఎంతమంది వస్తారని లెక్క ఎవరు వేశారు అని అడగక ముందే తీర్పు అయిపోతుంది.

2015 పుష్కరాలు మీకు గుర్తున్నాయా? మొదటి రోజు రాజమండ్రి ఘాట్‌లో 27 మంది పోయారు. ఆ రోజు పిన్ని అక్కడే ఉంది. సాయంత్రం చెప్పుల్లేకుండా, జాకెట్టు చిరిగి ఇంటికొచ్చింది. టీవీలో "తొక్కిసలాట" అని ఎర్రక్షరాలు తిరుగుతుంటే చూసి, "నేనెవర్నీ తొక్కలేదే, నా కాళ్లు నేల మీదే లేవు" అని అమ్మ ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చింది. మీరు అప్పుడు హాల్లో వార్తలు చూస్తున్నారు. మీ మీద కోపంతో ఈ మాట గుర్తుచేయడం లేదు. నేనూ అప్పుడు పిన్నిని ఏమీ అడగలేదు.

వచ్చే నెల పిన్ని ఆవకాయ పెట్టడానికి వస్తుందని అమ్మ చెప్పింది. ఒక పూట టీవీ కట్టేసి, ఆ రోజు ఏం జరిగిందో తననే అడగండి. తను చెప్పినంతసేపూ వినండి, మధ్యలో ఆపొద్దు. ఒప్పుకుంటే ఫోన్లో రికార్డు చేసి నాకు పంపండి.

బీపీ మాత్ర రాత్రి మర్చిపోతున్నారట. భోజనం పళ్లెం పక్కనే పెట్టుకోండి.

మీ అమ్మాయి