పులస కుటుంబం పేరు అచ్చుతప్పు కాదు

సంపాదకులకు,

గోదావరికి ఎర్రనీరు తగిలిందంటే పులస ధరతో పాటు జువాలజీ విద్యార్థుల సందేహమూ మొదలవుతుంది. పాఠ్యపుస్తకంలో దాని కుటుంబం క్లుపిడే, నెట్‌లో చూస్తే డోరోసోమాటిడే. రెండోది ఎవరో పుట్టించిన పేరని కొట్టేస్తున్నారు. నిజానికి రెండూ చెల్లే పేర్లే. 2022లో డీఎన్‌ఏ ఆధారంగా ఈ చేపల వర్గీకరణ తిరగరాశారు. హెర్రింగ్, స్ప్రాట్ లాంటివి క్లుపిడేలోనే ఉండిపోయాయి. పులస, కవళ్లు డోరోసోమాటిడేకి మారాయి. సముద్రంలో ఇలస, ఏరెక్కితే పులస అనే మనకు ఇదేమీ వింత కాదు.

అర్థం తేల్చాలంటే ముందు చివరి ‘ఇడే’ తీసేయాలి. అది కుటుంబమని చెప్పే గుర్తు, అంతే. మిగిలిన ‘డోరోసోమాట్’ నిఘంటువులో దొరకదు. గ్రీకులో శరీరం ‘సోమా’, షష్ఠిలో ‘సోమాటోస్’. కుటుంబం పేరు కట్టేది ఆ రెండో రూపం మీద. అందుకే ఈ కుటుంబానికి పేరిచ్చిన ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) పేరు డోరోసోమా. ‘డోరు’ అంటే బల్లెం. ‘డోరోన్’ అని పొరబడితే కానుక అవుతుంది, అర్థం తలకిందులు! 1820లో ప్రకృతి శాస్త్రవేత్త రాఫినెస్క్ ఈ పేరు పెట్టింది ఉత్తర అమెరికా చేపకు, దాని పిల్లల సన్నని ఆకారాన్ని బట్టి. పులసలో బల్లెం వెతకనక్కర్లేదు.

చెల్లుబాటు చూడటానికి కాలిఫోర్నియా అకాడమీ ఆఫ్ సైన్సెస్ వారి ఎష్‌మేయర్ కేటలాగ్ (చేపల శాస్త్రీయ నామాల జాబితా) చాలు. ప్రజాతి, జాతి రెండూ కలిపి పులస శాస్త్రీయ నామం ‘టెన్యువలోసా ఇలిషా’ అని వెతకాలి. ఒక్క ‘ఇలిషా’ కొడితే అదే పేరున్న వేరే ప్రజాతి తగులుతుంది, దాని కుటుంబం ప్రిస్టిగాస్టరిడే. పేరులో ‘అలోసా’ ఉంది కదా అని అలోసిడే అనే వేరే కుటుంబంలో వేసినా తప్పే. ‘కరెంట్ స్టేటస్’ అన్న వరుసలో ‘వ్యాలిడ్ యాజ్’ తర్వాత ఉన్న పేరు, దాని పక్కనున్న కుటుంబం చూసుకోవాలి. అక్కడ, ఈ జాతికి మొదట పేరు పెట్టిన హామిల్టన్ పేరు, ఆ ఏడాది 1822 బ్రాకెట్లలో ఉంటాయి. ఆయన దీన్ని మొదట క్లుపనోడాన్ ప్రజాతిలో పెట్టాడు, తర్వాత ప్రజాతి మారింది కాబట్టి ఆ బ్రాకెట్లు. జంతువుల శాస్త్రీయ నామాలు నమోదు చేసే జూబ్యాంక్‌లో పేరు కనబడిందని సంబరపడొద్దు, అది నమోదు మాత్రమే.

ప్రశ్నపత్రాలు తయారుచేసేవారికి ఒక మనవి. ఒకే ప్రశ్నకు క్లుపిడే, డోరోసోమాటిడే రెండూ ఆప్షన్లుగా ఇచ్చేటట్టయితే, ఏ వర్గీకరణ ప్రకారమో ప్రశ్నలోనే రాయండి.

– జువాలజీ అధ్యాపకులు, అమలాపురం