ఐబీఎం పేరు కొన్నందుకే లెనోవో పెద్దదైందా?

సంపాదకులకు నమస్కారం.

విదేశీ కంపెనీల కొనుగోళ్లపై ఇటీవల మీ వాణిజ్య పేజీలో వచ్చిన వ్యాసం కంప్యూటర్లు తయారుచేసే లెనోవో సంగతిని ఒక్క వాక్యంలో తేల్చేసింది. అమెరికా కంప్యూటర్ కంపెనీ ఐబీఎం పేరును డబ్బు పెట్టి కొనుక్కున్న ఒక చైనా కంపెనీ రాత్రికి రాత్రే ప్రపంచస్థాయికి చేరిందన్నది ఆ వాక్యం సారాంశం. వ్యాసంలోని మిగతా విషయాలతో నాకు పేచీ లేదు. ఈ వాక్యం మాత్రం సరికాదు. లెనోవో ఐబీఎం పేరును కొనలేదు, గడువు పెట్టుకుని వాడుకునే హక్కు మాత్రమే తీసుకుంది. అగ్రస్థానానికి చేరడానికి దానికి ఎనిమిదేళ్లకు పైగా పట్టింది, ఆ మధ్యలో ఒకసారి బోర్లా పడింది కూడా.

బీజింగ్‌లో చైనా సైన్సెస్ అకాడమీకి చెందిన కంప్యూటర్ పరిశోధన సంస్థలో పనిచేసే ల్యూ చువాంజీ, ఆయన సహచరులు కలిసి 1984లో 2 లక్షల యువాన్ల పెట్టుబడితో ఈ కంపెనీని మొదలుపెట్టారు. అప్పట్లో విదేశాలకు తెలిసిన పేరు లెజెండ్. ఆ పేరును చాలా దేశాల్లో ఇతరులు ముందే రిజిస్టర్ చేసుకుని ఉండటంతో 2003లో లెనోవోగా మార్చుకున్నారు. అంటే ఐబీఎం పీసీ (వ్యక్తిగత కంప్యూటర్ల) విభాగాన్ని కొంటున్నట్టు 2004 డిసెంబరులో ప్రకటించేనాటికి ఆ కొత్త పేరుకు రెండేళ్లు కూడా నిండలేదు, చైనా బయట దాన్ని గుర్తుపట్టేవారే తక్కువ. నగదు, షేర్ల రూపంలో 125 కోట్ల డాలర్లు చెల్లించడానికీ, దానికితోడు 50 కోట్ల డాలర్ల బాకీలను నెత్తికెత్తుకోవడానికీ ఒప్పందం కుదిరింది. లెనోవో వార్షికాదాయం సుమారు 300 కోట్ల డాలర్లయితే, అది కొన్న ఐబీఎం విభాగం ఆదాయం దానికి మూడింతలు. పాము ఏనుగును మింగబోతోందని అప్పట్లో అన్నవారు ఊరికే అనలేదు. పైగా ఆ విభాగం నష్టాల్లో నడుస్తోంది.

2005 మే 1న లావాదేవీ పూర్తయ్యాక లెనోవోకు దక్కినవేమిటన్నది ముఖ్యం. ఐబీఎం ముద్రను ఐదేళ్ల వరకు వాడుకునే వీలు దక్కింది. ఐబీఎం ల్యాప్‌టాప్‌కున్న థింక్‌ప్యాడ్ పేరు శాశ్వతంగా దక్కింది. ఆ రెంటికన్నా విలువైనవి మరో మూడున్నాయి: జపాన్‌లోని యమాటో ప్రయోగశాలలో ఆ ల్యాప్‌టాప్‌ను మొదటినుంచీ తీర్చిదిద్దుతున్న ఇంజినీర్లు, పెద్ద కంపెనీలతో ఏళ్ల తరబడి పరిచయమున్న అమ్మకం సిబ్బంది, ఆ కంపెనీల్లో కొనుగోళ్లు చూసే అధికారుల నమ్మకం. ఆ రెండు పేర్లకూ కాగితం మీద ఒప్పందం రాసుకోవచ్చు. ఇంజినీరు రాజీనామా చేసినా, కొనుగోలు అధికారి మనసు మార్చుకున్నా ఏ ఒప్పందమూ ఆపలేదు.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కంప్యూటర్ల వ్యాపారం చేసినవాణ్ని కాబట్టి ఈ మాట కాస్త ధైర్యంగా చెప్పగలను. ఆ రోజుల్లో థింక్‌ప్యాడ్ కోసం వచ్చినవారు ముందుగా మూత మీద ఐబీఎం అక్షరాలున్నాయా అని చూసేవారు. తర్వాత మూత తెరిచి, కీబోర్డు మధ్య మౌస్‌లా పనిచేసే ఎర్రటి బొడిపె మీద వేలు పెట్టి, నాలుగు అక్షరాలు కొట్టి చూసేవారు. కొట్టి చూశాక మూత మీది పేరు గురించి పెద్దగా అడిగేవారు కాదు. లెనోవో ఈ సంగతిని బాగానే పసిగట్టింది. నల్లటి పెట్టెలాంటి రూపాన్నీ, ఎర్ర బొడిపెనూ, కీబోర్డునూ అలాగే ఉంచి, తన పేరును విడిగా 2006లో లెనోవో 3000 అనే మరో శ్రేణి మీద చిన్న వ్యాపారులకు పరిచయం చేసింది. అదే ఏడాది టురిన్ శీతాకాల ఒలింపిక్స్‌కూ, 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌కూ ప్రపంచస్థాయి ప్రాయోజకురాలిగా నిలిచి పేరును జనం నోళ్లలో నానేట్టు చేసింది. ఐదేళ్లు నిండేదాకా ఆగకుండానే ఐబీఎం ముద్రను వదిలేసింది. అద్దెకు తెచ్చుకున్న పేరును గడువు తీరకముందే వదులుకోవడం మామూలు వ్యాపారి చేసే పని కాదు.

వినియోగదారుకు కనబడేది ఇదంతా. లోపల పరిస్థితి ఇంత సాఫీగా లేదు. మొదటి సీఈవోగా ఐబీఎం నుంచి వచ్చిన స్టీఫెన్ వార్డ్ 2005 చివరికే తప్పుకున్నారు. ఆయన స్థానంలో పోటీ కంప్యూటర్ కంపెనీ డెల్ నుంచి విలియం అమేలియోను తెచ్చారు. కంపెనీ అధికార భాష ఇంగ్లిష్ అయింది. సమావేశాల్లో చైనా ఉద్యోగులు మౌనంగా ఉంటే అమెరికన్లు దాన్ని అంగీకారమనుకునేవారనీ, తీరా పని దగ్గరికొచ్చేసరికి అది అంగీకారం కాదని తేలేదనీ అప్పటి కథనాల్లో చదివాం. ఛైర్మన్ యాంగ్ యువాన్‌చింగ్ కుటుంబంతో సహా అమెరికాలోని నార్త్ కరోలినాకు మకాం మార్చి ఇంగ్లిష్‌కు పదును పెట్టుకున్నారు. కొన్నవాడే కొనుగోలైనవాడి దగ్గరికి వెళ్లి నేర్చుకోవడం ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం.

చైనా కంపెనీ కావడంతో అమెరికాలో అనుమానాలూ తప్పలేదు. 2006లో ఆ దేశ విదేశాంగ శాఖ కొన్న 16 వేల లెనోవో కంప్యూటర్లపై అక్కడి చట్టసభ కాంగ్రెస్‌లో అభ్యంతరాలు రావడంతో, వాటిని రహస్య సమాచారానికి వాడబోమని ఆ శాఖ చెప్పాల్సి వచ్చింది.

అసలు దెబ్బ 2008 మాంద్యంలో తగిలింది. ఐబీఎం నుంచి వచ్చిన వ్యాపారం ఎక్కువగా పెద్ద కంపెనీల ఆర్డర్ల మీద ఆధారపడింది. ఆ కంపెనీలు కొనుగోళ్లు ఆపేయగానే 2009 మార్చితో ముగిసిన సంవత్సరానికి లెనోవో 22.6 కోట్ల డాలర్ల నష్టం చూపింది. అమేలియో వెళ్లిపోయారు, యాంగ్ సీఈవో అయ్యారు, ల్యూ చువాంజీ ఛైర్మన్‌గా తిరిగొచ్చారు. చైనాలోని పట్టునూ, పెద్ద కంపెనీల ఖాతాలనూ కాపాడుకుంటూ, ఇండియా లాంటి ఎదుగుతున్న మార్కెట్లలోకి, సాధారణ గృహ వినియోగదారుల్లోకి దూసుకుపోవాలన్న నిర్ణయం అప్పటిదే. మన ఊళ్లలో లెనోవో ఐబీఎం నీడ నుంచి బయటపడి సొంతపేరుతో చలామణీ కావడం నాకు తెలిసి ఆ తర్వాతే. 2013లో ఆ కంపెనీ ప్రపంచంలో అత్యధికంగా పీసీలు అమ్మే సంస్థ అయింది.

పేరుంటే చాలన్న వాదన ఎంత బలహీనమో చూడాలంటే అదే కాలంలో జరిగిన మరో కొనుగోలును గమనించవచ్చు. తైవాన్‌కు చెందిన బెన్‌క్యూ 2005లో జర్మన్ కంపెనీ సీమెన్స్ మొబైల్ ఫోన్ల వ్యాపారాన్ని తీసుకుంది. సీమెన్స్ పేరు తక్కువదేమీ కాదు. ఏడాది తిరిగేసరికి, 2006 సెప్టెంబరులో, జర్మనీలోని ఆ ఫోన్ల సంస్థ దివాలా పిటిషన్ వేసుకుంది.

లెనోవోను ఆకాశానికెత్తడం నా ఉద్దేశం కాదు. 2015లో ఆ కంపెనీ గృహ వినియోగ ల్యాప్‌టాప్‌లలో సూపర్‌ఫిష్ అనే ప్రకటనల సాఫ్ట్‌వేర్‌ను ముందే ఎక్కించి అమ్మినట్టు బయటపడింది. సురక్షితమనుకున్న వెబ్ లావాదేవీల్లోకి కూడా అది చొరబడి, వాడేవారిని ప్రమాదంలో పడేసింది. కంపెనీ క్షమాపణ చెప్పుకుంది. థింక్‌ప్యాడ్‌లలో మాత్రం ఆ సాఫ్ట్‌వేర్‌ను పెట్టలేదు. పెద్ద కంపెనీల నమ్మకం విలువ తెలిసినవారు మామూలు కొనుగోలుదారుల విషయంలో ఆ జాగ్రత్త తీసుకోకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

భారతీయ కంపెనీలు విదేశీ సంస్థలను కొన్నప్పుడల్లా మన పత్రికలు ధరను పతాక శీర్షికలో వేసి ఊరుకుంటున్నాయి. కొనుగోలైన సంస్థ ఇంజినీర్లలో ఎందరు మిగిలారు, పాత ఖాతాదారులు ఎందరు కొనసాగుతున్నారు, పాత పేరు వాడుకునే హక్కు ఎన్నేళ్లు, నిర్ణయాలు ఎక్కడ కూర్చుని తీసుకుంటున్నారు అన్న నాలుగు ప్రశ్నలు రెండేళ్ల తర్వాత మళ్లీ వెళ్లి అడిగి రాయించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు, సికింద్రాబాద్