ఆరోగ్యశాఖ మంత్రి గారికి: మూత్రం కూడా చూడమనండి

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

బీపీ, షుగర్ ఉన్నవాళ్లు ఆస్పత్రికి వెళితే చేతికి పట్టీ చుడతారు, వేలికి సూది గుచ్చుతారు. మూత్రం మాత్రం అడగరు. మా నాన్నగారిని పదేళ్లు అలాగే చూశారు. కాళ్లు వాచాక అడిగారు. అప్పటికే కిడ్నీలు చాలావరకు పోయాయి. నేను పిల్లలకు కిడ్నీ పాఠం చెప్పే టీచర్ని, అయినా ముందే అడగాలని నాకూ తట్టలేదు.

కిడ్నీని జల్లెడ అంటాం. అది సగం నిజమే. ఒక్కో కిడ్నీలో సుమారు పది లక్షల నెఫ్రాన్లు, అంటే రక్తాన్ని వడపోసే సన్నటి గొట్టాలు, ఒక్కోదాని మొదట్లో సన్నటి రక్తనాళాల ఉండ. గుండె పంపే రక్తంలో దాదాపు ఐదో వంతు వీటికే వస్తుంది. ఆ ఒత్తిడికి నీరు, ఉప్పు, గ్లూకోజ్, యూరియా అన్నీ బయటికి ఊరతాయి, రోజుకు 180 లీటర్లు! ఒంట్లో ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవభాగం, ఉండేదే మూడు లీటర్లు. అంటే అదే ప్లాస్మా రోజుకు 60 సార్లు వడపోతకు వెళుతోంది. మనం విసర్జించేది లీటరున్నర. మిగతాదంతా నెఫ్రాన్ గొట్టాలు ఏరి రక్తానికి తిరిగిచ్చేస్తాయి, గ్లూకోజ్‌నైతే మొదటి మెలికల్లోనే. ఒంట్లో నీళ్లు తగ్గితే ఏడీహెచ్ హార్మోను చివరి గొట్టాల చేత మరింత నీటిని వెనక్కి తీయిస్తుంది.

రక్తకణాలు, రక్తంలోని అల్బుమిన్ అనే ప్రోటీను మాత్రం ఆ ఉండల్లోని వడపోత పొర దాటకూడదు. అల్బుమిన్ పెద్దది. పైగా దానిదీ, పొరదీ రుణ విద్యుదావేశమే కనుక పొర దాన్ని వెనక్కి నెడుతుంది. ఏళ్ల తరబడి షుగర్, బీపీ ఆ పొరను దెబ్బతీస్తే అల్బుమిన్ కారడం మొదలవుతుంది. నొప్పి ఉండదు, మూత్రం రంగు మారదు. 'రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపే వ్యర్థం) చూస్తున్నాం కదా' అంటారు డాక్టర్లు. వడపోత సగానికి పడిపోయినా అది నార్మల్‌గానే కనబడవచ్చు. పోయిన నెఫ్రాన్ మళ్లీ పుట్టదండీ. కారడం మొదట్లోనే తెలిస్తే బీపీ అదుపుతో, తగిన మందులతో నష్టాన్ని నెమ్మదింపజేయవచ్చు.

షుగర్, బీపీ ఉన్న ప్రతి ఒక్కరికీ ఏడాదికోసారి మూత్రంలో అల్బుమిన్–క్రియాటినిన్ నిష్పత్తి చూడమని ఆదేశించండి. మూత్రంలో ముంచి చూసే మామూలు స్ట్రిప్పుకు కొద్దిపాటి అల్బుమిన్ దొరకదు. గ్రాము క్రియాటినిన్‌కు 30 మిల్లీగ్రాములు దాటితే మూడు నెలల్లోపు మళ్లీ చూడాలి. ఆ అంకెను షుగర్ అంకె పక్కనే, రోగి చీటీ మీదే రాయించండి.

ఇంకొక్కటి. నమూనా ఇవ్వడానికి ఆస్పత్రిలో గొళ్లెం పడే, నీళ్లుండే మరుగుదొడ్డి కావాలి. అది లేకనే చాలామంది ఆడవాళ్లు పరీక్ష చేయించుకోకుండా వెనక్కి వెళ్లిపోతున్నారు.

ఇట్లు,
ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయుడు