నలభై డబ్బాల ఆర్డరు గురించి అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి, నాన్న ఆశీర్వదించి వ్రాస్తున్నది.

మోటార్ల కంపనాలను కొలిచే నీ సెన్సారుకు 40 అల్యూమినియం డబ్బాలు కావాలనీ, హైదరాబాదులోని బాలానగర్ పారిశ్రామికవాడలో చెప్పిన ధరకూ చైనాలోని డాంగ్‌గ్వాన్ నుంచి వచ్చిన కొటేషన్‌కూ మధ్య తేడా చూసి ఎటూ తేల్చుకోలేకపోతున్నాననీ నువ్వు వ్రాసిన ఉత్తరం, దానితో పంపిన డ్రాయింగు రెండూ శ్రద్ధగా చూశాను. ఈ 40 డబ్బాలూ చైనాలోనే చేయించుకోవడం మంచిదని నా అభిప్రాయం. అయితే డ్రాయింగును ఇప్పుడున్నట్టుగా పంపవద్దు. బాలానగర్ షెడ్డులో పనివాడికి అనుమానం వస్తే నీకు ఫోను చేస్తాడు, లేదా నువ్వే వెళ్లి మిషను పక్కన నిలబడి చూపిస్తావు. డాంగ్‌గ్వాన్‌లోని ఆపరేటరుకు మాత్రం కాగితం మీద నువ్వు పెట్టినది తప్ప మరేమీ తెలియదు. ధరలో నీకు మిగిలేదంతా ఈ కాగితం పనిని నువ్వు ఒళ్లు వంచి చేస్తేనే మిగులుతుంది.

అక్కడ ధర తక్కువ కావడానికి కూలి ఒక్కటే కారణమని చాలామంది అనుకుంటారు. అంతకంటే పెద్ద కారణం, అవసరమైన పనులన్నీ ఒకేచోట జరగడం. డాంగ్‌గ్వాన్‌లోని చాంగాన్ వంటి పట్టణాలలో మెటీరియల్ కోసి ఇచ్చేవారు, కంప్యూటరు నడిపే వీఎంసీ మిషన్ల మీద మిల్లింగ్ చేసేవారు, అల్యూమినియం మీద రక్షణ పొర పెంచే అనోడైజింగ్ చేసేవారు, లేజర్‌తో పేరు చెక్కేవారు పక్కపక్క వీధులలోనే ఉంటారు. కొద్ది సంఖ్యలో చేసే పనిలో ఖర్చంతా సెట్టింగులోనే ఉంటుంది. ప్రోగ్రాము వ్రాయడానికి, పీసును పట్టి ఉంచే ఫిక్చరు కట్టడానికి, మొదటి పీసు సరిచూడడానికి మొత్తం 12,000 రూపాయలు అవుతుందనుకుంటే, 4 డబ్బాలు చేయిస్తే ఒక్కొక్కదాని మీద 3,000 పడుతుంది, 40 చేయిస్తే 300 పడుతుంది. కనుక డిజైను ఇంకా మారే అవకాశం ఉన్నంతకాలం ఒకటి రెండు నమూనాలు బాలానగర్‌లోనే చేయించు, అది ఖాయమైన తర్వాతే బయటికి ఆర్డరు ఇవ్వు.

ఇక డ్రాయింగు సంగతి. త్రీడీ ఫైలు ఒక్కటి పంపితే చాలదు, టాలరెన్సులు (కొలతలో అటూ ఇటూ ఒప్పుకునే తేడాలు) వేసిన పీడీఎఫ్ కూడా దానితో వెళ్లాలి. నువ్వు ప్రతి కొలతకూ 0.02 మిల్లీమీటర్లు వేశావు. అలా వేసినప్పుడు పని చేసేవాడు ధర బాగా పెంచి అడుగుతాడు, లేదా దేనినీ పట్టించుకోడు. మామూలు కొలతలన్నిటికీ ఐఎస్ఓ 2768 (విడిగా టాలరెన్సు వేయని కొలతలకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం) మధ్యమ శ్రేణి అని ఒక్క వాక్యం వ్రాస్తే సరిపోతుంది. దాని ప్రకారం 30 నుంచి 120 మిల్లీమీటర్ల వరకు ఉన్న కొలతకు అటూ ఇటూ 0.3 వదులు ఉంటుంది, నీ డబ్బా పొడవుకు, వెడల్పుకు అది చాలు. నిజంగా బిగువు కావలసినవి నీ డబ్బాలో మూడే ఉన్నాయి: మోటారు మీద ఆనే అడుగు భాగం చదును, ఓ-రింగ్ (నీళ్లు రాకుండా ఆపే రబ్బరు వలయం) గాడి లోతు, కనెక్టరు దిగే రంధ్రం. నీ ఓ-రింగ్ మందం 1.78 మిల్లీమీటర్లు, గాడి లోతు 1.3 అని వేశావు, అంటే మూత బిగించినప్పుడు రబ్బరు పాతిక శాతానికి కొంచెం ఎక్కువగా నొక్కుకుంటుంది. ఆ లోతుకు 0.05 టాలరెన్సు వెయ్యి. అడుగు భాగానికి చదును ఎంత ఉండాలో విడిగా వ్రాయి. అక్కడ డబ్బా ఊగితే సెన్సారు కొలిచేది మోటారు కంపనాన్ని కాదు, డబ్బా ఊపును.

పూత విషయం ఎలక్ట్రానిక్స్ చేసేవాళ్లు తరచు మరిచిపోతారు గనుక కాస్త వివరంగా చెబుతాను. నల్ల అనోడైజింగ్‌లో పొర సుమారు సగం లోహంలోకి, సగం బయటికి పెరుగుతుంది. పొర 20 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతులు) ఉంటే రంధ్రం వ్యాసం దాదాపు 20 మైక్రాన్లు తగ్గుతుంది, 3 మిల్లీమీటర్ల ఎం3 మరలో పిచ్ వ్యాసం (మర పళ్ల నడిమి ఎత్తులో కొలిచే వ్యాసం) సుమారు 40 మైక్రాన్లు తగ్గి స్క్రూ పట్టేస్తుంది. అందువల్ల కొలతలన్నీ పూత తర్వాతివని, మరలకు పూత పట్టకుండా మూయాలని డ్రాయింగు మీదే వ్రాయాలి. ఆ పొర విద్యుత్తును పారనివ్వదు కూడా. నీ బోర్డు గ్రౌండు స్క్రూ ఆనే చోటు, మూత కలిసే అంచు పూత లేకుండా వదలకపోతే డబ్బా షీల్డుగా పనిచేయదు, బయటి విద్యుత్ గోల అంతా నీ సిగ్నల్‌లోకి వస్తుంది. ఆ భాగాలను గీతలు నింపి చూపించు. పూతకు ముందు బీడ్ బ్లాస్టింగ్ (సన్నని పూసలు వేగంగా కొట్టి పైభాగాన్ని మసక చేయడం) చేయమని అడిగావు కదా, దానిని ఓ-రింగ్ గాడిలో చేయవద్దని ప్రత్యేకంగా చెప్పాలి. గాడి అడుగు గరుకైతే నీళ్లు దారి చేసుకుంటాయి.

మెటీరియల్ 6061-టీ6 రకం అల్యూమినియం అని వ్రాశావు, బాగుంది. దానికి బదులు 6063 రకం పెడితే కంటికి తేడా తెలియదు, బలం మాత్రం తగ్గుతుంది. లోహం చేసిన ఫ్యాక్టరీ ఇచ్చే మిల్లు సర్టిఫికెట్ అడుగు, అంతటితో ఆగకుండా వచ్చిన వాటిలో ఒకదాన్ని ఇక్కడ లోహంలో ఏది ఎంత ఉందో చెప్పే స్పెక్ట్రో పరీక్షకు ఇవ్వు. 6061లో రాగి 0.15 నుంచి 0.40 శాతం ఉండాలి, 6063లో 0.10 దాటదు, కనుక రిపోర్టులో ఆ అంకె చూస్తే విషయం తేలిపోతుంది.

ఆర్డరు పెట్టేటప్పుడు మొదట రెండు డబ్బాలు పూర్తిగా పూతతో సహా చేసి, కొలతల రిపోర్టుతో కొరియరులో పంపమని, నువ్వు సరేనన్న తర్వాతే మిగిలిన 38 మొదలుపెట్టమని షరతు పెట్టు. కొరియరు ఖర్చు కొంత అదనం అవుతుంది, దానికి వెనకాడవద్దు. అవి వచ్చాక మే నెల ఎండలో షెడ్డులో కొలిచి వాళ్లతో తగవు పెట్టుకోవద్దు. కొలతలన్నీ 20 డిగ్రీల దగ్గర చెప్పినవే అయి ఉంటాయి. 100 మిల్లీమీటర్ల అల్యూమినియం 40 డిగ్రీల వేడిలో దాదాపు 46 మైక్రాన్లు పెరుగుతుంది, స్టీలు వెర్నియరు కూడా దానితో పాటు పెరుగుతుంది గనుక నీకు సుమారు సగమే కనిపిస్తుంది, కానీ కనెక్టరు రంధ్రం లాంటి చోట తప్పుడు తీర్పు ఇవ్వడానికి చిన్న తేడా చాలు. బాలానగర్‌లోని సీఐటీడీ (ప్రభుత్వ టూల్ డిజైన్ సంస్థ) వంటి టూల్ రూముల్లో చల్లని గదిలో సీఎంఎం అనే కొలతల యంత్రం మీద కొలిపిస్తే ఆ రిపోర్టును ఎదుటివాడు కాదనలేడు. టూల్ రూమ్ ఇన్‌స్పెక్షన్‌లో పనిచేసిన వాణ్ణి గనుక ఈ విషయంలో నేను కొంచెం పట్టుగానే ఉంటాను.

సుంకాల లెక్క ముందే వేసుకో. సరుకు విలువకు రవాణా, బీమా కలిపిన మొత్తం మీద సుంకం పడుతుంది. బేసిక్ సుంకం 10 శాతం అనుకుంటే, 100 రూపాయల మీద 10, దాని మీద సర్‌చార్జీ 1, ఆ 111 మీద 18 శాతం ఐజీఎస్టీ (దిగుమతి మీద పడే జీఎస్టీ) పడతాయి. ఐజీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే నువ్వు కట్టాల్సిన జీఎస్టీలో సర్దుబాటుగా, తిరిగి వస్తుంది, మిగతా 11 రూపాయలు నీ ఖర్చే. కొరియరులో తెప్పించినా సరే, నీ దిగుమతి కోడు, జీఎస్టీ నంబరు ముందుగానే ఇవ్వు. కస్టమ్స్‌కు ఇచ్చే దిగుమతి పత్రమైన బిల్ ఆఫ్ ఎంట్రీ మీద నీ నంబరు లేకపోతే ఆ క్రెడిట్ తీసుకోవడం కష్టమవుతుంది. అడ్వాన్సు ఏ బ్యాంకు ద్వారా పంపావో ఆ బ్యాంకుకు కూడా ఆ బిల్లే చూపించాలి.

చెల్లింపు సాధారణంగా 30 శాతం ముందుగా, 70 శాతం పంపే ముందు అడుగుతారు, అది ఒప్పుకోదగినదే. అయితే మధ్యలో ఖాతా మారిందని ఈమెయిలు వస్తే మాత్రం రూపాయి కూడా పంపవద్దు. ముందు నుంచి మాట్లాడుతున్న మనిషికి, నీ దగ్గర పాతగా ఉన్న నంబరుకే ఫోను చేసి అడుగు. ఈమెయిళ్లలోకి చొరబడి ఖాతా నంబర్లు మార్చే మోసం ఇలాంటి చిన్న దిగుమతులనే ఎక్కువగా గురి చూస్తుందని నా భయం, ఎందుకంటే కొనేవారూ అమ్మేవారూ ఒకరినొకరు ఎన్నడూ చూసి ఉండరు.

తేదీల విషయం కూడా ఆలోచించు. చైనా నూతన సంవత్సరం జనవరి 21కీ ఫిబ్రవరి 20కీ మధ్య ఏదో ఒక రోజున వస్తుంది, దానికి ముందూ వెనుకా కొన్ని వారాలు పని సరిగ్గా సాగదు, సెలవు తర్వాత అందరు పనివాళ్లూ తిరిగి రారు. ఆ తొందరలో చేసిన పీసులు నీకు వద్దు. అక్టోబరు మొదటి వారం కూడా వాళ్లకు సెలవులే. సంక్రాంతి నాటికి డబ్బాలు నీ చేతిలో ఉండాలంటే నవంబరు మొదటికే నమూనాలు ఖాయం కావాలి.

డ్రాయింగు మార్చి రెండో రివిజన్ పంపు. దాని మీద రివిజన్ అంకె, తేదీ తప్పకుండా ఉండాలి, పాత ఫైలును వాళ్ల దగ్గర రద్దు చేయించు. గాడి, రంధ్రం, పూత లేని చోట్లు చూసి నా గుర్తులు పెట్టి వెంటనే తిరిగి పంపుతాను. అమ్మ నిన్ను అడిగానని చెప్పమంది.

ఆశీస్సులతో,
మీ నాన్న