బిస్కెట్ డబ్బా ఇచ్చిన మాస్టారికి, మరికొందరికి

నేను కోనసీమలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెబుతాను. ఊరి పేరు రాయడం లేదు, ఎందుకో చదువుతుంటే మీకే తెలుస్తుంది. పదో తరగతి పిల్లలు అడగడానికి జంకే ప్రశ్నల మీద ఈ రెండు నెలలూ వాళ్ళతో మాట్లాడించాను. అది నా ఒక్కదాని వల్ల అయ్యేది కాదు. సాయం చేసినవాళ్ళలో ఇద్దరికి స్మార్ట్‌ఫోనే లేదు. అయినా నలుగురిలో చెప్పుకోవాలనిపించింది.

నా తప్పుతో మొదలుపెడతాను. ప్రాథమిక హక్కుల పాఠం నడుస్తోంది. ఆయుధాలు లేకుండా, శాంతియుతంగా గుమిగూడే హక్కు, 19వ అధికరణ. వెనక బెంచీ అబ్బాయి లేచాడు. "మేడమ్, మరి అమలాపురంలో జరిగింది హక్కా, తప్పా?"

ఇక్కడివాళ్ళకు ఏ రోజు గురించో చెప్పక్కర్లేదు. బయటివాళ్ళ కోసం రెండు ముక్కలు. 2022 ఏప్రిల్ 4న కోనసీమ కొత్త జిల్లా అయింది. మే నెలలో దానికి అంబేద్కర్ పేరు చేరుస్తామని ప్రభుత్వం ప్రాథమిక నోటిఫికేషన్ ఇచ్చింది. దాన్ని వ్యతిరేకిస్తూ మే 24న అమలాపురంలో మొదలైన నిరసన రాళ్ళ దాకా, మంటల దాకా వెళ్ళింది. ఒక మంత్రి ఇల్లు, ఒక ఎమ్మెల్యే ఇల్లు తగలబడ్డాయి. బస్సులు కాలాయి. చాలా రోజులు ఇంటర్నెట్ ఆపేశారు. ఆ తర్వాత జిల్లాకు ఆ పేరే ఖాయమైంది.

అప్పుడు ఈ పిల్లలు ఆరో తరగతి. ఎండాకాలం సెలవులు, ఫోన్లలో నెట్ లేదు, ఇంట్లో పెద్దవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. అవన్నీ విన్నారు వీళ్ళు. ఆ రోజు అటు నిలబడ్డ ఇళ్ళ పిల్లలూ ఇటు నిలబడ్డ ఇళ్ళ పిల్లలూ నా క్లాసులో ఒకే బెంచీ మీద కూర్చుంటారు.

నేనేం చేశాను? అందరం అన్నదమ్ముల్లా ఉండాలని పది నిమిషాలు ఉపన్యాసం దంచాను. వాడు కూర్చోలేదు. "అది కాదు మేడమ్, మీరేమనుకుంటున్నారు?" అన్నాడు. "ఇది పరీక్షకు రాదు, కూర్చో" అన్నాను. కూర్చున్నాడు. ఆ వారమంతా నా పీరియడ్‌లో వాడు మళ్ళీ నోరు విప్పలేదు.

ఈ సంగతి మా వీధి చివర ఉండే రిటైర్డ్ హెడ్మాస్టరు గారితో చెప్పాను. ఆయన తిట్టలేదు, ఓదార్చనూ లేదు. లోపలికి వెళ్ళి తుప్పు పట్టిన బిస్కెట్ డబ్బా ఒకటి తెచ్చారు. మూత మీద కత్తితో కోసిన సన్నటి కంత. "నా సర్వీసులో చాలా ఏళ్ళు వాడానమ్మా. అడగాలనుకున్నది చీటీ మీద రాసి ఇందులో వేయమను. పేరు రాయక్కర్లేదని చెప్పు. ఒక్కటే షరతు, చేతిరాత పోల్చి ఎవరిదో కనుక్కోకూడదు. నువ్వు కూడా." ఇంకో మాట కూడా అన్నారు. పెద్ద దానితో మొదలుపెట్టొద్దు, ముందు కోడిపందేలతో మొదలుపెట్టు అని.

మా హెచ్‌ఎం గారు శనివారం ఆఖరి పీరియడ్ ఇచ్చారు. పార్టీల పేర్లు వద్దు, కులం పేరు పెట్టి ఎవరూ మాట్లాడకూడదు అని రెండే నిబంధనలు పెట్టారు. పదో తరగతికి స్పెషల్ క్లాసులు నడుస్తున్న టైములో ఒక పీరియడ్ వదులుకోవడం ఎంత కష్టమో టీచర్లకు తెలుసు. సార్, ధన్యవాదాలు.

కోడిపందేల శనివారం గురించి రాయకుండా ఉండలేను. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం జంతువులతో పోరాటాలు పెట్టించడం నేరం. పందెం కాస్తే 1974 నాటి గేమింగ్ చట్టం ఉండనే ఉంది. అయినా సంక్రాంతికి మన బరులు ఎలా ఉంటాయో అందరికీ తెలుసు. ఒక అమ్మాయి సూటిగా అడిగింది: "ఆదివారం కోసుకు తింటే తప్పు కానిది, పందెంలో చస్తే తప్పెలా అయింది మేడమ్?" ఇంకోడు లేచి, "మా నాన్న కోడికి బాదంపప్పు పెడతాడండి, నాకు పెట్టడు" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నవ్వాక వాడే మెల్లగా, పోయిన ఏడాది పందెంలో ఎంత పోయిందో, దాని తర్వాత వాళ్ళమ్మ చెవిదుద్దులు ఏమయ్యాయో చెప్పాడు. నేను నోరు మూసుకుని కూర్చున్నాను. మాస్టారు పెద్ద దానితో మొదలుపెట్టొద్దని ఎందుకన్నారో అప్పుడు తెలిసింది. ఇంట్లో సంగతి బయట చెప్పినా ఎవరూ ఎగతాళి చేయరన్న ధైర్యం పిల్లలకు ముందు రావాలి.

మూడో వారం డబ్బాలో ఒక చీటీ వచ్చింది. మాటలు కాస్త మార్చి రాస్తున్నాను. "ఆ రోజు వీడియోలో మా అన్నయ్య ఉన్నాడు. వాడు రాయి వేయలేదంటాడు. వాడు చెడ్డవాడా?"

చదివాక నాకు చేతులు ఆడలేదు. దీనికి నా దగ్గర జవాబు లేదు. అమలాపురం కోర్టులో ప్రాక్టీసు చేసే ఒక అడ్వకేటు గారికి ఫోన్ చేశాను. పరిచయం కూడా అంతంత మాత్రం. "వస్తానండి, ఆయ్! ఫీజు కింద ఒక బొండం కొట్టించండి చాలు" అన్నారు. వచ్చి గంటన్నర ఉన్నారు. జిల్లా పేరు మార్చాలంటే చట్టం ప్రకారం ముందుగా జనం అభ్యంతరాలు, సూచనలు అడగాలని, అప్పుడు 30 రోజుల గడువు కూడా ఇచ్చారని చెప్పి, ఆ 30 రోజుల్లో ఇష్టం ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ ఏమేం చేయొచ్చో పిల్లల చేతే బోర్డు మీద రాయించారు. కలెక్టరుకు అర్జీ, సంతకాలు, సభ, కోర్టు. పదకొండు వచ్చాయి. తర్వాత గుంపు గురించి చెప్పారు. అందరి ఉద్దేశం ఒకటే అయి కలిసి నడిస్తే, రాయి వేసింది ఒకడే అయినా మిగతావాళ్ళ మెడకూ చుట్టుకుంటుంది. చూడ్డానికి వెళ్ళినవాడికి అది వర్తించదు. "కానీ బాబూ, వీడియోలో ఇద్దరూ ఒకేలా కనబడతారు. తేడా తేలేసరికి ఏళ్ళు పడతాయి" అన్నారు. అన్నయ్య చెడ్డవాడా అన్నదానికి మాత్రం ఆయన జవాబివ్వలేదు. "అది నేను చెప్పేది కాదు, వాడితో కూర్చుని మాట్లాడితే నీకే తెలుస్తుంది" అన్నారు. బొండం తాగారు, వెళ్ళారు. పెట్రోలు డబ్బులు కూడా తీసుకోలేదు.

మా గ్రంథాలయంలో పనిచేసే ఆయనకు కూడా రుణపడి ఉన్నాను. అమలాపురం గొడవ జరిగిన వారం పత్రికలు కట్టగట్టి దాచి ఉంచారు. అటక మీంచి దింపి, దుమ్ము దులిపి, సైకిల్ మీద తెచ్చారు. పిల్లలు రంగు పెన్సిళ్ళతో గీతలు గీశారు, జరిగింది ఒక రంగు, రాసినవాళ్ళ అభిప్రాయం ఒక రంగు. అదే గుంపును ఒక్కో పత్రిక ఒక్కో పేరుతో పిలిచింది. "మరి వాట్సాప్‌లో వచ్చినదానికి ఏ రంగు వేయాలి మేడమ్?" అన్నాడు ఒకడు. మొదటి రోజు నేను కూర్చోబెట్టినవాడే. అప్పుడే వాడికి క్లాసులో అందరి ముందూ సారీ చెప్పాను. వాడు సిగ్గుపడి, "పర్లేదండి" అన్నాడు.

ఇక ఒక తల్లి. పీచు మిల్లులో పని చేస్తుంది. పిల్లల బుర్రల్లో లేనిపోనివి ఎక్కిస్తున్నానని విని గొడవ పెట్టుకోవడానికే వచ్చింది. నాకు టెన్షన్ వచ్చినమాట నిజం. "ఒక్క పీరియడ్ కూర్చోండమ్మా, తర్వాత మీరేం చెబితే అది" అన్నాను. వెనక బెంచీలో కొంగు బిగించుకుని కూర్చుంది. చివర్లో ఎవరూ అడక్కుండానే లేచింది. ఆ రోజు ఆవిడ అమలాపురం ఆసుపత్రికి వెళ్ళి, బస్సుల్లేక చిక్కుకుపోయిందట. అవతలి పక్షం అనుకునేవాళ్ళ ఇంట్లో రాత్రి పడుకోనిచ్చారట, పెరుగన్నం పెట్టారట. ఒక అమ్మాయి ఆశగా అడిగింది, "ఇప్పుడు మీరు వాళ్ళింటికి వెళ్తారా అత్తా?" అని. ఆవిడ కాసేపు ఆలోచించింది. "లేదమ్మా. సంతలో కనబడితే పలకరించుకుంటాం. నేను వెళ్ళలేదు, వాళ్ళూ రాలేదు."

క్లాసులో ఎవరూ ఏమీ అనలేదు. బెల్లు కొట్టినా పిల్లలు వెంటనే లేవలేదు. అమ్మా, మీరు కథను బాగున్నట్టు మార్చి చెప్పనందుకు నా దండాలు.

పిల్లలకు విడిగా కృతజ్ఞతలు చెప్పను, రేపు మళ్ళీ మ్యాప్ పాయింటింగ్ చేయించాలి, నెత్తికెక్కుతారు.

సంక్రాంతి సెలవుల తర్వాత డబ్బా తిరిగి ఇచ్చేద్దామని తీశాను. లోపల ఇంకా ఏడు చీటీలున్నాయి. ఒకటి ఇలా ఉంది: "ఓటుకు డబ్బు తీసుకోవడం తప్పని పుస్తకంలో ఉంది. పంచేది మా బాబాయే. ఏం చేయాలి?"

మాస్టారూ, శనివారం ఇంట్లోనే ఉంటారా?