మాటలు మింగే మాసిమో

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావురా? పిల్లల పరీక్షలయ్యాయా? రాత్రి ఒక సినిమా చూశాను. ఎంతకీ నిద్రపట్టలేదు. ఆ నటుడి గురించి నీకు చెబితే గానీ నాకు తోచేలా లేదు.

పేరు మాసిమో త్రోయిసి. ఇటలీలో నేపుల్స్ పక్కనే ఉన్న సాన్ జోర్జో అ క్రెమానోలో 1953లో పుట్టాడు. తండ్రి రైల్వే ఉద్యోగి. చిన్నప్పుడు కీళ్లవాత జ్వరం తగిలి గుండె వాల్వు దెబ్బతింది. 1976లో, నిండా పాతికేళ్లు లేకుండానే, అమెరికా వెళ్లి ఆపరేషన్ చేయించుకున్నాడు.

నాటకాలు మొదలుపెట్టింది సొంత ఊళ్లోనే. తర్వాత లెల్లో అరేనా, ఎంజో దెకారో అనే ఇద్దరు స్నేహితులతో కలిసి 'లా స్మోర్ఫియా' అనే జట్టు కట్టాడు. కలలో ఏది కనబడితే లాటరీలో ఏ నంబరు కట్టాలో చెప్పే పుస్తకాన్ని నేపుల్స్‌లో స్మోర్ఫియా అంటారట. సెట్టింగులు లేవు, హంగులు లేవు, ఒంటికి అతుక్కునే నల్లబట్టలు, అంతే. వాళ్ల నాటిక ఒకటుంది, నువ్వు చూసి తీరాలి. యేసు పుడతాడని మరియమ్మకు శుభవార్త చెప్పాల్సిన గబ్రియేలు దేవదూత ఆర్భాటంగా అరుచుకుంటూ ఇల్లు తప్పి ఒక బెస్తవాడి పెళ్లాం దగ్గరికి వస్తాడు. మరియమ్మ ఇక్కడ ఉండదు బాబూ అని ఆవిడ మొత్తుకుంటుంది. ఆవిడ వేషం మాసిమోదే!

1977లో టీవీలోకి వచ్చాక దేశమంతా తెలిసిపోయాడు. 1981లో తనే రాసి, తీసి, నటించిన మొదటి సినిమా 'మూడు నుంచి మళ్లీ మొదలు'. నేపుల్స్ వదిలి ఫ్లారెన్స్ వెళ్లే కుర్రాడి కథ. బతుకు సున్నా నుంచి మొదలెడతావన్నమాట అని స్నేహితుడంటే, కాదు, మూడు నుంచి అంటాడు. ఇప్పటిదాకా మూడు పనులు బాగానే జరిగాయి, వాటినెందుకు పారేసుకోవాలి అని! ఫ్లారెన్స్‌లో నేపుల్స్ వాడినని చెప్పగానే అందరూ 'పొట్టకూటికి వలసొచ్చావా?' అనే అడుగుతారు. నేపుల్స్ వాడు ఊరికే తిరగడానికి రాకూడదా అని వాడి గోల.

అసలు సంగతి మాసిమో మాటతీరురా. ఒక్క వాక్యం తిన్నగా పూర్తి చెయ్యడు. మొదలెడతాడు, నసుగుతాడు, సగం మింగేస్తాడు, చేత్తో గాలిలో ఏదో చెబుతాడు. పైగా నిఖార్సైన నేపుల్స్ యాస. ఎవరికోసమూ దాన్ని మార్చుకోలేదు. పరిషత్తు నాటక పోటీల్లో నీ శ్రీకాకుళం యాస తగ్గించుకోమన్నారని నువ్వు ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకున్న రోజు గుర్తొచ్చింది. తగ్గించుకోకురా. నీ దగ్గరున్నది అదే.

1989లో మార్చెల్లో మాస్త్రోయానీ అనే పేరున్న ఇటలీ నటుడితో ఒక సినిమాలో తండ్రీకొడుకులుగా నటించి, వెనిస్ ఉత్సవంలో ఇద్దరూ కలిసి ఉత్తమ నటుడి బహుమతి పంచుకున్నారు.

ఇక రాత్రి చూసింది 'ఇల్ పోస్తినో'. దేశం వదిలి వచ్చిన చిలీ కవి పాబ్లో నెరూడా ఇటలీలో ఒక ద్వీపంలో ఉంటాడు. ఆయనొక్కడికే ఉత్తరాలు అందించే పోస్టుమాన్ మన మాసిమో. చేపల వలలకు విశేషణం చెప్పవోయ్ అని కవి అడిగితే, జాలరి కొడుకు కదా, తడుముకోకుండా 'దిగులు వలలు' అంటాడు. ఆ ఒక్క మాట దగ్గర సినిమా ఆపేసి కాసేపు అలాగే కూర్చుండిపోయాను.

షూటింగు నాటికి గుండె పూర్తిగా చెడిపోయింది. గుండెమార్పిడి వాయిదా వేసుకుని సినిమా ఒప్పుకున్నాడు. ఎక్కువసేపు నిలబడలేకపోయేవాడు. సైకిలు తొక్కే దూరపు షాట్లలో డూపు. దగ్గరగా కనిపించే ఆ వాడిపోయిన ముఖం మాత్రం తనదే. చివర్లో కవి కోసం ద్వీపంలోని చప్పుళ్లు టేపులో పట్టే ఘట్టం ఉంది. చిన్న అలలు, పెద్ద అలలు, గాలి, నాన్న వలలు, గుడి గంట. రాత్రిపూట మైకు ఆకాశానికెత్తి చుక్కల చప్పుడు కూడా పడతాడు. ఆఖరిది భార్య కడుపులో ఉన్న బిడ్డ గుండె చప్పుడు. ఆ మైకు పట్టుకున్నవాడి గుండె ఎలా ఉందో తెలిసి చూస్తుంటే నాకు ఏడుపు ఆగలేదురా.

1994 జూన్ 3న షూటింగు ముగిసింది. మర్నాడే ఓస్తియాలో అక్క ఇంట్లో నిద్రలోనే పోయాడు. నలభై ఒకటేళ్లు. 1996 ఆస్కార్లలో ఉత్తమ నటుడిగా నామినేషన్ వచ్చేసరికి మనిషే లేడు.

దసరాకి వస్తున్నావుగా? ఆ దేవదూత నాటికని మన యాసలో ఒకసారి చదువుదాం. బెస్తావిడ వేషం నీదే.

నీ
ప్రసాదు