తెల్లవారుజాము మంటలు ఆపండి

సంపాదకుల గారికి నమస్కారం.

కార్తీకం దాటి చలి ముదిరిందంటే మా మల్కాజిగిరి వీధుల్లో తెల్లారకముందే పొగ మొదలవుతుంది. ఊడ్చిన ఆకుల్ని వీధి చివర కుప్ప పోసి అంటిస్తున్నారు. ఉత్త ఆకులే అయితే కొంత నయం. పాల ప్యాకెట్లు, టిఫిన్ పార్సిల్ కవర్లు, టీ కప్పులు, థర్మాకోల్ ముక్కలు అన్నీ అందులోనే. మంచుకు తడిసిన కుప్ప భగ్గున మండదు, గంటల తరబడి రాజుకుంటూ పొగ కక్కుతుంది. ఆ పక్కనే పిల్లలు స్కూలు బస్సు కోసం నిలబడతారు. సఫిల్‌గూడ చెరువు కట్టకు నడకకు వెళ్లే పెద్దవాళ్లకూ అదే దారి.

చలికాలం రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది. కింది గాలి చల్లగా, పై గాలి వెచ్చగా ఉండటంతో గిన్నె మీద మూత పెట్టినట్టే అవుతుంది, పొగ పైకి పోలేదు. ఎండ బాగా ఎక్కి నేల వేడెక్కితే గానీ ఆ మూత తొలగదు. అంటే స్వచ్ఛమైన గాలి అనుకుని మనం బయటికి వెళ్లే వేళే చాలాసార్లు రోజు మొత్తంలో చెడ్డ గాలి ఉండే వేళ.

ఈ సంగతి జనానికి తెలియకపోవడానికి ఒక కారణం ఉంది. రోజూ ప్రకటించే వాయు నాణ్యత సూచీలో ధూళి కణాల లెక్క 24 గంటల సగటు. మధ్యాహ్నపు మంచి గాలి కలిసేసరికి ఉదయపు పొగ అందులో కనిపించకుండా పోతుంది. పైగా యంత్రం ఎక్కడ పెడితే అక్కడి గాలినే కొలుస్తుంది, మా వీధి చివరి కుప్ప దాని లెక్కలోకి రాదు. సూచీ అంకె పెరిగేకొద్దీ గాలి చెడ్డదని లెక్క. అది 101 నుంచి 200 దాకా ఉంటే 'మధ్యస్థం' అంటారు, మనమూ ఫరవాలేదనుకుంటాం. కానీ ఆ స్థాయిలోనే ఆస్తమా ఉన్నవాళ్లకు, గుండె జబ్బు ఉన్నవాళ్లకు, పిల్లలకు, వృద్ధులకు ఇబ్బంది కలగవచ్చని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలే చెబుతోంది. పీఎం 2.5 అనే అతి సన్నటి ధూళి కణాలకు మన దేశం పెట్టుకున్న రోజువారీ పరిమితి ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది 15. ఢిల్లీతో పోల్చుకుని ఊరట పొందడం మనకు అలవాటైపోయింది, మన ఊపిరితిత్తులకు ఆ పోలికతో పనిలేదు.

నగర కాలుష్యంలో వాహనాల పొగ, రోడ్ల దుమ్ము వాటా పెద్దదని నాకు తెలుసు. వాటిని తగ్గించడానికి ఏళ్లు పడుతుంది. ఈ మంటలు మాత్రం రేపే ఆపవచ్చు, చట్టం కూడా ఉంది. ఆరుబయట చెత్త తగలబెడితే 5,000 రూపాయలు, పెద్ద మొత్తంలో అయితే 25,000 రూపాయలు జరిమానా వేయాలని పర్యావరణ కేసులు విచారించే జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులోనే ఆదేశించింది.

అయితే ఆ జరిమానా ఊడ్చే ఆడమనిషి మీద పడకూడదు. చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఆ పొగను అందరికంటే ముందు పీల్చేది ఆవిడే. ఇంటింటి చెత్త తీసుకెళ్లే ఆటోలో ఆకులకు చోటుండదు, దగ్గర్లో వేసే చోటూ లేదు. ఆవిడ ఏం చేస్తుంది? ప్రతి కాలనీ పార్కులో ఒక మూల ఆకుల గుంత తవ్విస్తే కొన్ని నెలల్లో ఆ మొక్కలకే ఎరువవుతుంది. అది చేయించాల్సింది అధికారులు, కాలనీ సంఘాలు.

అందాకా మన జాగ్రత్త మనం పడదాం. నడక ఎండెక్కాక పెట్టుకోవాలి. ఆయాసం ఉన్నవాళ్లు పొగ రోజుల్లో ఇన్‌హేలర్ దగ్గర ఉంచుకోవాలి. చేతిరుమాలు, గుడ్డ మాస్కు ఈ సన్నటి కణాలను పెద్దగా ఆపవు. ముఖానికి బిగుతుగా పట్టే ఎన్-95 అయితే ఆపుతుంది. కిటికీలు తెల్లవారుజామున మూసి, మధ్యాహ్నం బార్లా తెరవాలి. దోమల చుట్టలు మూసిన గదిలో వెలిగించి పడుకోవడం మానాలి.

మీ పత్రికకూ ఒక మనవి. గంట గంట అంకెలు మండలి వెబ్‌సైటులో ఉంటాయి. ఈ చలికాలమంతా ఉష్ణోగ్రతల పక్కన ముందు రోజు ఉదయం 6 నుంచి 8 గంటల మధ్య నమోదైన పీఎం 2.5ను ప్రాంతాల వారీగా ప్రచురించండి.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, మల్కాజిగిరి, హైదరాబాద్